పుట్టినరోజు చాక్లెట్ల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెలలో ఆరో తరగతి పిల్లవాడొకడు తన పుట్టినరోజు నాడు బడికి రాలేదు. మర్నాడు అడిగితే జ్వరమన్నాడు. తర్వాత వాళ్లమ్మ వచ్చి అసలు సంగతి చెప్పింది. అంతకు ముందు వారం వాళ్ల క్లాసులో ఒకమ్మాయి అందరికీ పెన్సిల్ బాక్సులు పంచిందట. “మనం రూపాయి చాక్లెట్లు పంచితే నవ్వుతారమ్మా” అని వీడు ఇంట్లోనే ముసుగు తన్ని పడుకున్నాడు.

పెన్సిల్ బాక్సులు పంచినవాళ్లను తప్పుపట్టను. బిడ్డ మీద ముద్దుతో పంచారు. ఆ మాటకొస్తే తప్పు ముందు మాదే. వార్షికోత్సవంలో నాలుగు నిమిషాల డ్యాన్సుకు డ్రెస్సు అద్దె కట్టమని మీకు చీటీలు పంపింది మేమే కదా.

ఇంకొకరి ఖర్చును దుబారా అనడానికి నాకు కొంచెం జంకు. కెనడా పడమటి తీరంలోని ఆదివాసులకు పాట్లాచ్ అనే వేడుక ఉంది. తెగ పెద్ద చుట్టాల్ని పిలిచి దుప్పట్లూ తిండి సామానూ పంచిపెడతాడు. ఎంత ఇచ్చేస్తే అంత గొప్పవాడు. వట్టి దండగ అని అక్కడి ప్రభుత్వం 1885 నుంచి దాన్ని నిషేధించింది. 1951లో గానీ ఆ నిషేధం పోలేదు. పేర్లు పెట్టడం, వారసత్వాలు నలుగురి ఎదుట ఖాయం చేసుకోవడం ఆ వేడుకలోనే జరిగేవన్నది ఆ ప్రభుత్వానికి పట్టలేదు. మన దగ్గర మాత్రం? రొయ్యల గుంటలు కలిసొచ్చిన ఏడు పెళ్లి విస్తట్లో ఎన్ని రకాలు పడతాయో మీకు నేను చెప్పాలా!

పెద్దల సంగతి పెద్దలు చూసుకుంటారు. పిల్లల దగ్గరే నాకు దిగులు. అదే కెనడాలో క్యుబెక్ అనే రాష్ట్రం పదమూడేళ్ల లోపు పిల్లల్ని గురిపెట్టే వ్యాపార ప్రకటనల్ని 1980 నుంచి ఆపేసింది. ఒక బొమ్మల కంపెనీ కోర్టుకెక్కితే 1989లో వాళ్ల సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్నే సమర్థించింది. అంత వయసులో ఏది ప్రకటనో ఏది నిజమో తేల్చుకోలేరన్నదే కారణం. మన పిల్లలకు ఆ అడ్డు లేదు. పైగా క్లాసులో పక్క బెంచీవాడే ఒక ప్రకటన.

మొహర్రం నెలలో మన నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగ మీరంతా చూసే ఉంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆఖరికి సొంతింటి రొట్టె కూడా. కోరికలు ఉండకూడదని అక్కడ ఎవరూ అనరు. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి ఆ కోరికే ఉన్నవాళ్లకు రొట్టె ఇస్తారు. కార్లో వచ్చినవాళ్లు ఇచ్చినా, ఆర్టీసీ బస్సు దిగి వచ్చినవాళ్లు ఇచ్చినా రొట్టె రొట్టే. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఎవరిది పెద్దదని కొలిచినవాళ్లను నేనింతవరకూ చూడలేదు.

అందుకని వచ్చే నెల ఒకటో తేదీ నుంచి బడిలో పుట్టినరోజుకు ఏమీ పంచవద్దు. యూనిఫాంలోనే పంపండి. ఆ రోజు చివరి పీరియడ్ ఏం చేయాలో ఆ పిల్లో పిల్లవాడో చెబుతారు: ఆట, కథ, పాట, వాళ్లిష్టం. వార్షికోత్సవానికి అద్దె డ్రెస్సులు కూడా మానేస్తున్నాం. ఇంట్లో ఉన్న పంచె, పరికిణీ చాలు.

పొరపాటున ఎవరైనా కేకు పంపిస్తే ఆఫీసు గదిలో ఉంచి సాయంత్రం అలాగే తిరిగి ఇచ్చేస్తాం. టీచర్లు తినేస్తారన్న అనుమానం పెట్టుకోకండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు