కొలిచి చూడకుండానే పంపు మార్చేస్తున్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను చెన్నై వెస్ట్ మాంబళంలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న తెలుగువాణ్ణి. 2004లో కొన్న చిన్న పెట్రోలు కారును నేటికీ స్వయంగా నడుపుకొంటున్నాను. గత కార్తీక మాసంలో, మూడు రోజుల ముసురు వెలిసిన ఉదయం, నా భార్యను కంటి పరీక్షకు తీసుకువెళ్లవలసిన వేళకు ఆ కారు మొరాయించింది. తాళం తిప్పితే సెల్ఫ్ బలంగానే తిరుగుతున్నది, దీపాలు వెలుగుతున్నాయి, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఆ తరువాత పన్నెండు రోజులలో నాకు ఎదురైనది పాత కారు ఉన్న ప్రతి కుటుంబానికీ ఎదురయ్యేదే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

మొదట కారును ఒక మోస్తరు పెద్ద వర్క్‌షాపుకు లాగించుకువెళ్లాను. అక్కడివారు బానెట్ ఎత్తి చూసి, రెండుసార్లు సెల్ఫ్ కొట్టి, పెట్రోలు పంపు పోయిందని తేల్చారు. కొత్త పంపుకూ కూలికీ కలిపి 8,600 రూపాయలు తీసుకున్నారు. కారు స్టార్ట్ అయింది. మూడో రోజు మళ్లీ అదే కథ. ఈసారి ఇంజన్‌లో నిప్పురవ్వ (స్పార్క్) పుట్టించే ప్లగ్గులు మార్చారు, 1,400 రూపాయలు. అప్పటికీ లేవకపోయేసరికి ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ పెట్టె పోయి ఉంటుందనీ, ఇంత పాత బండికి అంత ఖర్చు దండగ కనుక తుక్కుకు ఇచ్చేయడం మేలనీ సలహా ఇచ్చారు. ఇన్ని రోజులలో ఒక్కరైనా ఒక్క పరికరం చేత పట్టి ఏదీ కొలవలేదు. నా ఫిర్యాదంతా దాని గురించే.

చివరకు కోడంబాక్కం సందులో ఒక చిన్న షెడ్డుకు వెళ్లాను. నెల్లూరు వైపు నుంచి నలభై ఏళ్ల కిందట వచ్చి స్థిరపడిన పెద్దాయన అది నడుపుతున్నారు. ఆయన పని చేసిన వరుసను కాస్త వివరంగా చెప్పడానికి అనుమతించండి, ఎందుకంటే ఈ విషయంలో వరుసే ప్రధానం. ముందుగా ఒక ప్లగ్గు వైరు విప్పి స్పార్క్ వస్తున్నదని నిర్ధారించుకున్నారు. గాలి లోపలికి వెళ్లే గొట్టంలోకి కార్బొరేటర్ శుభ్రం చేసే, పెట్రోలులాగే మండే స్ప్రే కొద్దిగా కొట్టి సెల్ఫ్ తిప్పించారు. ఇంజన్ రెండు క్షణాలు అందుకొని ఆగిపోయింది. అంటే నిప్పు ఉంది, గాలి ఉంది, అందనిది పెట్రోలే. ఈ ఒక్క పరీక్షతోనే కంప్యూటర్ పెట్టె మీద పడిన అనుమానం చాలావరకు తొలగిపోయింది, ఎందుకంటే ఆ కారులో స్పార్క్‌ను నడిపించేది కూడా ఆ పెట్టే.

తరువాత నన్ను వెనక సీటులో కూర్చోబెట్టి, తాళాన్ని సెల్ఫ్ దాకా తిప్పకుండా ఆన్‌లో మాత్రమే ఉంచారు. నా కారు వంటి, పెట్రోలును ఒత్తిడితో ఇంజన్‌లోకి చిమ్మే ఇంజెక్షన్ కార్లలో చాలావాటికి ఆ క్షణంలో ట్యాంకులోని పంపు రెండు సెకండ్ల పాటు సన్నగా మోగి ఆగుతుంది. నాకు ఆ మోత స్పష్టంగా వినిపించింది. అది వినిపించకపోయి ఉంటే ఫ్యూజు, పంపుకు కరెంటు కలిపే రిలే చూసి, ఆపైన టెస్ట్ ల్యాంపుతో పంపు కనెక్టరు దగ్గరికి 12 వోల్టుల కరెంటు చేరుతున్నదో లేదో, ఎర్త్ వైరు తుప్పు పట్టిందో లేదో చూడవలసి ఉండేదట. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో ఆ తుప్పు సామాన్యమేనని కూడా ఆయన అన్నారు.

కారు రెండోసారి ఆగినప్పుడు ఈ మోత వినగానే వర్క్‌షాపువారు కొత్త పంపు బాగుందని వదిలేసి ప్లగ్గుల మీద పడ్డారు. ఈయన అక్కడ ఆగలేదు. "మోత వస్తోంది గానీ పెట్రోలు వస్తోందా లేదా అన్నది గేజి చెప్పాలి సార్," అని ఇంజన్ దగ్గరి పైపుకు ప్రెజర్ గేజి తగిలించారు. సుమారు 3 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) చూపించవలసిన ముల్లు అర బార్ దగ్గర ఊగి, తాళం తీయగానే సున్నాకు పడిపోయింది. తిరిగి ట్యాంకుకు వెళ్లే రబ్బరు గొట్టాన్ని మెత్తని క్లాంపుతో నొక్కి చూశారు. ఒత్తిడిని అదుపులో ఉంచే ప్రెజర్ రెగ్యులేటర్ లోపమైతే అప్పుడు ముల్లు పైకి లేవాలి, లేవలేదు. ఫిల్టరుకు ముందు కొలిచినా అంతే. ఇక మిగిలింది ట్యాంకు ఒక్కటే. వెనక సీటు ఎత్తి, మూత విప్పి పంపును పైకి తీస్తే, పంపు తలనూ పై పలకనూ కలిపే జానెడు కూడా లేని రబ్బరు హోస్ నిలువునా చీలి ఉంది. పంపు తోసిన పెట్రోలు ఆ చీలికలోంచి మళ్లీ ట్యాంకులోకే పోతున్నది. వర్క్‌షాపువారు పంపు మార్చినప్పుడు 21 ఏళ్ల నాటి ఆ హోస్‌నే కొత్త పంపుకు తొడిగి పెట్టారు.

కొత్త హోస్ ఖరీదు 240 రూపాయలు. అయితే ఏ హోస్ పడితే అది పనికిరాదు. మామూలు పెట్రోలు హోస్ లోపలి పొర మాత్రమే పెట్రోలును తట్టుకొంటుంది, ట్యాంకులో మునిగి ఉంటే బయటి పొర ఉబ్బి మెత్తబడి కొన్ని నెలలకే విడిపోతుంది. పెట్రోలులో మునిగి ఉండటానికే తయారుచేసినది కావాలి, దాని మీద ఎస్ఏఈ జె30 ఆర్10 అన్న గుర్తు ఉంటుంది. దాన్ని పుదుప్పేటలో మూడు దుకాణాలు తిరిగి తెచ్చుకున్నాము.

ఇంత చిన్న చీలిక ఇంజెక్షన్ రాకముందటి పాత కార్బొరేటర్ బళ్లను అంతగా బాధించేది కాదని పెద్దాయన చెప్పిన మాట నాకు కళ్లు తెరిపించింది. ఆ బళ్ల మెకానికల్ పంపు ఇచ్చే ఒత్తిడి బార్‌లో నాలుగో వంతు మాత్రమే. గొట్టం విప్పి, సెల్ఫ్ తిప్పి, సీసాలో పెట్రోలు పడుతున్నదో లేదో చూస్తే పరీక్ష పూర్తయ్యేది. దానికి పది రెట్లకు పైబడిన ఒత్తిడితో పనిచేసే ఇంజెక్షన్ వ్యవస్థలో పెట్రోలు వస్తున్నదా అన్న ప్రశ్న చాలదు, ఎంత ఒత్తిడితో వస్తున్నదన్నది తెలియాలి. ఇక్కడ గొట్టాన్ని ఊరికే విప్పడం ప్రమాదం కూడా. తాళం తీసినా లైనులో ఒత్తిడి మిగిలి ఉండి పెట్రోలు ముఖాన చిమ్ముతుంది. పంపు ఫ్యూజు తీసి సెల్ఫ్ కొట్టి ఒత్తిడి దించి, బ్యాటరీ నెగటివ్ విప్పి, గుడ్డ చుట్టిన తరువాతే ఆయన గొట్టం ముట్టుకున్నారు. ఇళ్ల దగ్గర సొంతంగా ప్రయత్నించే యువకులు ఈ సంగతి గుర్తుంచుకోవాలని వేడుకొంటున్నాను.

వాన వెలిసిన ఉదయమే ఆగింది కనుక పెట్రోలులో నీరు చేరిందేమోనన్న అనుమానం నాకు ఉండేది. ఆయన దాన్నీ కొట్టిపారేయకుండా గాజు సీసాలోకి కొంత పెట్రోలు తీసి గంటసేపు కదపకుండా ఉంచారు. ఇథనాల్ కలిసిన పెట్రోలు కొంత నీటిని తనలో కలుపుకొంటుంది, మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి, పంపు పీల్చేది ఆ అడుగు నుంచే. నా సీసాలో పొర కనబడలేదు. కనబడి ఉంటే ట్యాంకు ఖాళీ చేసి కడగడమే మార్గం, ఎన్ని పంపులు మార్చినా లాభం ఉండదు.

ఇథనాల్ ప్రస్తావన వచ్చింది కనుక ఒక విన్నపం. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రారంభించారు, ఇప్పుడు బంకుల్లో దాదాపుగా దొరికేది అదే. పాత వాహనాలలో కొన్నింటికి 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల వాడకం తరువాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చనీ, అది తక్కువ ఖర్చుతో మామూలు సర్వీసింగులోనే అయిపోయే పని అనీ 2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ తెలిపింది. ఆ మాటను నేను కాదనడం లేదు. అయితే నా కారుకు ఏటా జరిగిన సర్వీసింగులో ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకులు ఉన్నాయే గాని, ట్యాంకు లోపలి హోస్ పేరు ఏ బిల్లులోనూ లేదు. ఏ మోడలుకు ఏ రబ్బరు భాగాలు మార్చాలో కార్ల తయారీదారులు జాబితా ప్రకటించి, వర్క్‌షాపులు దాన్ని సర్వీసు పట్టికలో చేర్చకపోతే, ఆ తక్కువ ఖర్చు పని ఎవరి చేతా జరగదు. ప్రభుత్వం తయారీదారులచేత ఆ జాబితాలు ప్రకటింపజేయాలి. ట్యాంకులో పెట్రోలు అడుగంటేదాకా నడపకుండా జాగ్రత్తపడవలసిన బాధ్యత మా వంటి యజమానులది, ఎందుకంటే లోపలి పంపు చల్లబడేది ఆ పెట్రోలు వల్లనే.

వర్క్‌షాపుల యాజమాన్యాలకు ఇంకొక మాట. ప్రెజర్ గేజి ధర నేను మార్పించుకున్న పంపు ధరలో మూడో వంతు కూడా లేదు. పంపు మార్చాలని చెప్పే ముందు గేజి ఎంత చూపిందో బిల్లు మీద రాయడం, తీసిన పాత భాగాన్ని అడగకుండానే యజమానికి తిరిగి ఇవ్వడం ప్రతిచోటా ఆనవాయితీ కావాలి. నేను నా పాత పంపును అడిగి తెచ్చుకున్నాను. కోడంబాక్కం పెద్దాయన దానికి కొత్త హోస్ తొడిగి ట్యాంకులో దింపి చూస్తే గేజి ముల్లు 3 బార్ దగ్గర నిలిచి, తాళం తీసినా అరగంట వరకు పెద్దగా దిగలేదు. ఇప్పుడు నా కారు ఆ పాత పంపుతోనే నడుస్తున్నది. 8,600 రూపాయలు పోసి వేయించిన కొత్త పంపు డిక్కీలో అట్టపెట్టెలో ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వెస్ట్ మాంబళం, చెన్నై