ఆ చార్జర్ బొమ్మను అచ్చుకు ముందు ఎవరు చూశారు?

సంపాదకుల వారికి,

కిందటి ఆదివారం జిల్లా పేజీలో ఓ ఇంజినీరింగ్ కుర్రాడు పాత సామానుతో ల్యాప్‌టాప్ చార్జర్ చేశాడని ఫొటోతో సహా వేశారు. మర్నాడే మా వీధి పిల్లలిద్దరు వచ్చి, 'తాతగారూ, మీ దగ్గర పాత సీసీ కెమెరా అడాప్టర్లున్నాయా?' అని అడిగారు. ఆలస్యమైనా ఈ ఉత్తరం అందుకే.

కుర్రాణ్ని ఏమీ అనను, వయసు అలాంటిది. పక్కన బొమ్మ గీసి 'మీరూ చేసుకోవచ్చు' అని రాసినవాళ్లనే అడుగుతున్నా. రెండు 12 వోల్టుల అడాప్టర్లను సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి, వచ్చిన 24 వోల్టులను చిన్న బోర్డుతో 19.5కి దించాడట. ఆ బోర్డు మీద గోరంత కూడా లేని ఇత్తడి స్క్రూ ఉంటుంది. వోల్టేజీ అంతా దాని చేతిలోనే. అది పొరపాటున తిరిగితే వోల్టేజీ పెరిగిపోవచ్చు. లోపల వోల్టేజీని దించే స్విచింగ్ ట్రాన్సిస్టర్ షార్టయితే 24 వోల్టులూ తిన్నగా మదర్‌బోర్డులోకి పోతాయి. పైగా ఒక్కో అడాప్టర్ 2 ఆంపియర్లదని మీరే రాశారు. అంటే రెండూ కలిసి 48 వాట్లు. 65 వాట్ల ల్యాప్‌టాప్‌కి అదేం సరిపోతుంది? అడాప్టర్లు కాగిపోవడం తప్ప! డెల్ లాంటి వాటిలోనైతే మధ్య పిన్నుకు సన్నని మూడో తీగ ఉంటుంది. చార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కి తెలిసేది దాని ద్వారానే. అది లేకపోతే బ్యాటరీ చార్జింగ్ ఎక్కదు. ఎక్కడం లేదని పిల్లలు ఆ స్క్రూ ఇంకాస్త తిప్పుతారు.

నాకు కడుపు మండింది మాత్రం ఫ్యూజు దగ్గర. మాటిమాటికీ పోతోందని రాగి పోగు చుట్టాడట, దాన్ని మీరు 'చిట్కా' అన్నారు! ఫొటోలో జాయింట్లకు చుట్టినది మామూలు ఇన్సులేషన్ టేపు. బెజవాడ మే నెల ఎండకు దాని జిగురు కారి టేపు ఊడిపోతుంది. అదీ పరుపు మీద, దుప్పటి పక్కన.

ఇంట్లో ఎమ్‌సీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయే స్విచ్చు) ఉందిగా అనేవాళ్లకు ఒక మాట. ఎమ్‌సీబీ షార్ట్ సర్క్యూట్‌కీ ఓవర్‌లోడ్‌కీ పడుతుంది. చవక అడాప్టర్‌లో ఇన్సులేషన్ చచ్చి 230 వోల్టులు ల్యాప్‌టాప్ లోహపు భాగానికి ఎక్కి, మనిషికి షాక్ కొడితే అది పడదు. అందుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు కాస్త లీకైనా పడిపోయే స్విచ్చు కావాలి. మన పాత అపార్ట్‌మెంట్లలో ఎన్నింటికి ఉంది? మూడో పిన్నుకు ఎర్త్ వైరే లాగని ఇళ్లు నేను బోలెడు చూశాను. వాటికీ ఎవరో అధికారి 'అంతా సవ్యం' అని సంతకం పెట్టే ఉంటారు. మంట లేచాక మాత్రం విచారణ, మర్నాడు పేపర్లో 'షార్ట్ సర్క్యూటే కారణం'. షార్ట్ ఎందుకయిందో రాసినవాళ్లు లేరు.

ఇక మార్కెట్. ల్యాప్‌టాప్ అడాప్టర్‌కి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరుంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు. మరి ఆ నంబరే లేని డబ్బాలు పట్టపగలు అమ్ముతుంటే తనిఖీ చేసే నాథుడేడీ? అసలు చార్జర్ ధర చూసి గుండె ఆగినంత పనై పిల్లలు ఈ ప్రయోగాలకు దిగుతున్నారు. అందులో కంపెనీల పాపమూ ఉంది. కాలేజీ ల్యాబులో వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టించే తీరిక ఎవరికీ లేదు, ప్రాజెక్టులు మాత్రం కొనుక్కోవచ్చు.

చివరగా మీ బొమ్మ సంగతి. ఎర్ర తీగను పిన్ను బయటి భాగానికి కలిపి చూపించారు. ఇలా గుండ్రటి పిన్నున్న దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లకూ లోపలిది ప్లస్, బయటిది మైనస్. కనీసం ఈ సవరణైనా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వెయ్యండి. ఏ మూలో చీమతలకాయంత అక్షరాల్లో వేస్తే మళ్లీ రాస్తాను.

– ఐటీఐ విశ్రాంత బోధకుడు (ఎలక్ట్రికల్),
సత్యనారాయణపురం, విజయవాడ