మా పిల్లల సర్వేను చేయి పట్టి నడిపించిన మేడం గారికి కృతజ్ఞతలు

నేను అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో బి.ఏ. పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. మా ఫైనలియర్ వాళ్లు ప్రాజెక్టు కోసం నాలుగు ఊళ్లు తిరిగి 64 మంది కౌలు రైతులను కలిశారు. సార్వాలో (ఖరీఫ్ వరిలో) ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయి, కౌలు ఎంత ఇచ్చారు అని అడిగి రాసుకొచ్చి ఎక్సెల్‌లో ఎక్కించారు. అక్కడ ఆగిపోయాం. సబ్మిషన్ దగ్గర పడేసరికి పిల్లల కంటే నాకే టెన్షన్ ఎక్కువైంది.

కాకినాడలో స్టాటిస్టిక్స్ బోధిస్తూ, పరిశోధన చేసేవాళ్లకు డేటా విషయంలో సలహాలిచ్చే మేడం గారిని తెలిసినవాళ్ల ద్వారా అడిగాను. ఎదుర్లంక వంతెన దాటి రెండు శనివారాలు బస్సులో వచ్చారు. దారి ఖర్చులు కూడా పుచ్చుకోలేదు.

వస్తూనే ఏ టెస్టు చేయాలో చెబుతారనుకున్నాం. ఆవిడ ల్యాప్‌టాప్ తెరవకుండా కాగితం ఫారాలు తెమ్మన్నారు. ఒకమ్మాయి ఫారం చదువుతుంటే ఇంకొకరు ఎక్సెల్‌లో వరుస చూడాలి. ఒకాయనకు 12 ఎకరాలు, పంటేమో మొత్తం 33 బస్తాలు. ఫారంలో పెన్సిలుతో "12 కుం." అని ఉంది. పన్నెండు కుంచాలు! మా వైపు కుంచం అంటే 10 సెంట్లు కాబట్టి ఆయన చేసేది ఎకరం ఇరవై సెంట్లు. ఇలాంటివే ఇంకో ఐదు బయటపడ్డాయి.

తర్వాత దిగుబడి కాలమ్‌లో 16 సున్నాలు. "అమ్మలూ, ఈ సున్నా అంటే పండలేదనా, అసలు నాట్లే వేయలేదనా, మీరు అడగడం మర్చిపోయారనా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. అప్పటికప్పుడు పిల్లలు ఆ రైతులందరికీ ఫోన్లు చేశారు. ముగ్గురు నాట్లు వేశాక చేను మునిగి మొత్తం పోగొట్టుకున్నారు. పదమూడు మంది సార్వానే వదిలేశారు. ఆ ముగ్గురి సున్నాలూ ఉంచి, పదమూడు గళ్లు ఖాళీ చేస్తే సగటు 20.4 బస్తాల నుంచి 25.6కి వచ్చింది.

ఆ పదమూడు మందిని పక్కన పెట్టేస్తామంటే మేడం ఒప్పుకోలేదు. ఐదుగురిలో ఒకరు పంటే వేయలేదంటే అది వేరే ప్రశ్న, వెళ్లి అడగండి అన్నారు. వెళ్లారు. మురుగు కాలువ పూడిపోయి నీళ్లు దిగడం లేదని ఎక్కువమంది చెప్పారట. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారని నేను క్లాసులో ఏటా చెబుతూనే ఉన్నాను. మా పిల్లల ఎక్సెల్‌లో అదే బాధ సున్నాలుగా కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను.

రెండో శనివారం 'ఆర్' అనే, డేటా లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ నేర్పించారు. ఉచితంగా దొరికేదే కాబట్టి పిల్లలు వాళ్ల ఇళ్లలోనూ వాడుకుంటున్నారు. ఊరివారీగా దిగుబడి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చూపే బొమ్మ, బాక్స్ ప్లాట్, వాళ్లే గీశారు.

మేడం గారూ, మీకు చేతులెత్తి నమస్కారం. దాళ్వా (రబీ పంట) సర్వేకి కొత్త ఫారం తయారైంది. మొదటి ప్రశ్న "నాట్లు వేశారా?", రెండోది "కుంచాలా, ఎకరాలా?". అచ్చు వేయించే ముందు మీకు పంపుతాం, ఒక్కసారి చూసి పెట్టండి.