మూట పేరు ముందు, ఫైళ్లు తర్వాత

సంపాదకులకు నమస్కారం.

మీ కంప్యూటర్ పేజీ వారం వారం చదువుతాను. ఫోన్ల గురించి, యాప్‌ల గురించి బాగానే రాస్తారు కానీ కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే చోట, ఫైళ్లన్నీ ఒకే ఫైలుగా మూట కట్టడం, విప్పడం గురించి అందులో నాకు ఒక్క ముక్క కనబడలేదు, అది తెలియక నేను పోగొట్టుకున్నది చెప్తే ఎందుకు అడుగుతున్నానో మీకే అర్థమవుతుంది.

పోయిన వేసవిలో మా నాన్నగారి చేతిరాత కాగితాలు స్కాన్ చేసి, ఆ ఫోల్డర్‌లోనే కూర్చుని లినక్స్‌లో మూట కట్టే టార్ కమాండ్ కొట్టాను. సి (మూట కట్టు), జెడ్ (సైజు తగ్గించు), ఎఫ్ (మూట పేరు ఇదీ) అని అక్షరాలు ఇచ్చాక ముందు మూట పేరు రాయాలి, ఆ తర్వాతే ఫైళ్లు. నేను మూట పేరు మర్చిపోయి, అన్ని ఫైళ్లూ అని అర్థమిచ్చే నక్షత్రం గుర్తు పెట్టి ఎంటర్ కొట్టేశాను. అలా చేస్తే టార్ వరసలో మొదటి ఫైలు పేరునే మూట పేరనుకుంటుంది, దాని మీదే రాసేస్తుంది, ఒక్క మాట కూడా అడగదు! మొదటి పేజీ పోయింది. మళ్లీ స్కాన్ చేద్దామంటే ఆ కాగితం అప్పటికే మడతల దగ్గర పొడి అయిపోయింది. ఆ రాత్రంతా ఒకటే టెన్షన్, నిద్ర పట్టలేదు.

టార్ కొత్తదేం కాదు, టేపుల మీదికి ఫైళ్లు ఎక్కించే రోజుల్లో, 1979 నాటి యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. అది మూట మాత్రమే కడుతుంది, సైజు తగ్గించేది 1992లో వచ్చిన జీజిప్, జెడ్ అక్షరం పిలిచేది దాన్నే. మామూలు అక్షరాల ఫైళ్లయితే బాగా తగ్గుతాయి. జేపెగ్ ఫొటోలు ముందే కుదించినవి కాబట్టి పెద్దగా తగ్గవు, అందుకని పని చెయ్యలేదేమో అని కంగారు పడక్కర్లేదు. 2018 నుంచి విండోస్ 10లోనూ టార్ ఉంది, కాబట్టి ఇది లినక్స్ వాళ్ల గొడవే అనుకోకండి.

మూట కట్టగానే అసలు ఫైళ్లు చెరిపేసేవాళ్లని చూస్తే నాకు భయమేస్తుంది. సి బదులు టి పెడితే లోపల ఏమేమున్నాయో జాబితా వస్తుంది, అది చూసుకోవాలి. ఎక్స్ పెట్టి విప్పేటప్పుడు ఖాళీ ఫోల్డర్‌లో విప్పాలి, లేకపోతే అదే పేరున్న పాత ఫైళ్లు చెప్పాపెట్టకుండా మారిపోతాయి.

కంప్యూటర్ మాస్టార్లు రైట్ క్లిక్‌తో ఆపకుండా పిల్లలకి ఇదీ చేయించాలి. మీరూ ఒక ఆదివారం ఈ సి, టి, ఎక్స్, జెడ్, ఎఫ్‌ల గురించి తేలిక తెలుగులో వేయండి, ఎఫ్ పక్కనే మూట పేరు ఉండాలన్న మాట మాత్రం పెద్ద అక్షరాల్లో.

మీ పాఠకుడు,
తెనాలి