వార్షిక నివేదిక: వలిసె చేనుకు దక్కాల్సిన వాటా

సభ్యులందరికీ నమస్కారం.

అరకు, పాడేరు వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన మన కుటుంబాలు ఈ ఏడాది ఎక్కువగా మాట్లాడుకున్నది వలిసె పూల గురించే, అంటే నూనె గింజల కోసం మన కొండల్లో వేసే పసుపు పూల పంట గురించే. ఉగాది కలయిక, వనభోజనాలు, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. ఆడిట్ అయిన లెక్కలు విడిగా పంపాం.

నవంబరులో మన బృందం అరకు రోడ్డు పక్కన ఒక వలిసె చేను దగ్గర ఆగింది. ఫొటోల కోసం జనం నడిచి నడిచి చేను మధ్యలో బాట పడిపోయింది. అటూ ఇటూ మొక్కలు నేలకు ఒరిగాయి. విరిగిన కొమ్మకు గింజ పట్టదు, గింజ లేనిదే నూనె రాదు. గట్టు మీద కూర్చున్న రైతమ్మ మనిషికి 20 రూపాయలు అడిగితే, పూలు చూడ్డానికి కూడా డబ్బులా అని ఒకాయన గొడవకు దిగాడు. వ్యూ ఉన్న గదికి ఎక్కువ అద్దె ఇవ్వడానికి మాత్రం మనలో ఎవరూ వెనకాడం. ఆ వ్యూలో సగం, రైతు దున్ని విత్తి నిలబెట్టిందే. ఆమె చేతికొచ్చేది గింజల ధర ఒక్కటే. గిట్టుబాటు కాక చేను బీడు పెడితే జీపు డ్రైవర్‌కూ, హోటల్‌కూ, బొంగు చికెన్ బండికీ గిరాకీ పడిపోతుంది.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో బాగ్‌లింగంపల్లి సమావేశంలో చర్చించాం. ఫిలిప్పీన్స్ కొండల్లోని వరి మడులను యునెస్కో 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సాగు తగ్గి గట్లు పాడవుతుంటే 2001లో వాటిని ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టింది, 2012లో గానీ తీయలేదు. స్విట్జర్లాండ్ ఏటవాలు పొలాల సాగుకు అదనంగా చెల్లిస్తుంది. అక్కడ 2014 నుంచి పల్లెసీమ అందం కాపాడినందుకు కూడా రైతుకు డబ్బు అందుతోంది. చైనాలోని లాంగ్‌జీ మెట్ల వరి మడుల దగ్గర టికెట్ల ఆదాయంలో ఊళ్లకు వాటా ఉంది. మనకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది ఇదే.

అందుకే కార్యవర్గం తీర్మానించింది: ఇకపై సంఘం యాత్రల ఖర్చులోనే పొలం రుసుము కలిపి, ఆగిన చేను రైతుకే ఇస్తాం. గట్టు దాటి చేలో దిగం. బస వీలైనంతవరకు ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే. ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి విద్యార్థులకు రుసుము మినహాయించాం.

పార్కింగ్ రుసుములో రైతులకు వాటా కోరుతూ పాడేరు ఐటీడీఏకు (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థకు) ఇవ్వబోయే వినతిపత్రం ముసాయిదా సర్వసభ్య సమావేశంలో పెడతాం. మీ ఊళ్లో పర్యాటకులు ఆగే చేలు ఎక్కడెక్కడ ఉన్నాయో అప్పటిలోగా రాసి పంపండి.

కార్యదర్శి