రఘూ, ఆ మసి ఇప్పుడే తుడవకు

ఒరేయ్ రఘూ,

నీ ఉత్తరం అందింది. ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ ఫర్నేస్ శుభ్రం చేయించిన రెండు నెలలకే మళ్లీ మసి పట్టిందనీ, ఈసారి బ్రష్షు పట్టుకుని నువ్వే దిగుతాననీ రాశావు. కాస్త ఆగరా. తుడిచేశావంటే జబ్బేమిటో చెప్పే ఆనవాళ్లు కూడా దాంతోపాటే పోతాయి. ఒక్క మాట మాత్రం ముందే చెబుతున్నా. గదుల్లోకి పొగ వాసన వచ్చినా, కార్బన్ మోనాక్సైడ్ అలారం మోగినా ఈ పరిశోధనలేవీ పెట్టుకోకు. అందరూ బయటికి వచ్చేసి, అక్కణ్నుంచే సహాయానికి ఫోన్ చేయండి. మసి పుట్టే చోట ఆ విషవాయువు కూడా పుడుతుంది.

ఆయిల్ ద్రవంగా ఉండగా మండదు. నాజిల్ దాన్ని సన్నటి తుంపరగా చేయాలి, ఆ తుంపరలో గాలి బాగా కలవాలి, మండిన పొగ చిమ్నీలోంచి ఆటంకం లేకుండా వెళ్లిపోవాలి. ఈ మూడింట్లో ఏది చెడినా కాలని కార్బన్ మిగిలిపోతుంది. అదే మసి.

కరెంటు ఆపి, పూర్తిగా చల్లారాక, టార్చి వేసి చూడు. మసి పొడిగా, దూదిలా తేలిగ్గా ఉంటే గాలి చాలడం లేదు, లేదా డ్రాఫ్ట్, అంటే పొగను పైకి లాగే చిమ్నీ ఊపు, తక్కువ. జిడ్డుగా తడిగా ఉంటే ఆయిల్ సరిగా తుంపర కావడం లేదు, లేదా నాజిల్ కారుతోంది. మంట గదిలో ఒక గోడకే బొగ్గు గడ్డ రాయిలా కట్టిందంటే మంట ఆ గోడకు తగులుతున్నట్టు.

డ్రాఫ్ట్ సంగతి గేజ్ పెట్టి రెండు చోట్ల చూడాలి. దాన్ని అంగుళాల నీటి మట్టంలో కొలుస్తారు, మైనస్ అంటే లోపలికి లాగుతున్నట్టు. మంట మీద మైనస్ 0.01 నుంచి 0.02 ఉంటే చాలు. పొగగొట్టం మొదట్లో అంతకంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. గొట్టంలో బాగానే ఉండి మంట మీద లేకపోతే, లోపలి దారులు మసితో పూడిపోయాయి. రెండు చోట్లా లేకపోతే చిమ్నీని చూడాలి: అడుగున రాలిన ఇటుక ముక్కలో, పైన పక్షి గూడో ఉండొచ్చు.

నాకు ఎక్కువ అనుమానం నాజిల్ మీదే. దాని మీద రాసిన, గంటకు ఇన్ని గాలన్లన్న లెక్క 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) పీడనానికి. కొత్తరకం బర్నర్లలో (ఆయిల్‌నీ గాలినీ కలిపి మండించే భాగం అది) చాలావాటికి పంపు 140కి పెడతారు. అక్కడ 1.00 గాలన్ నాజిల్ గంటకు సుమారు 1.18 గాలన్లు పోస్తుంది. పీడనం చూసుకోకుండా పాత నంబరే బిగిస్తే, గాలి అంతే ఉండి ఆయిల్ 18 శాతం పెరిగిందన్నమాట. మసి పట్టక ఏమవుతుంది? తుంపర కోణం, 60 డిగ్రీలో 80 డిగ్రీలో, కూడా బర్నర్ తయారీదారు చెప్పిందే ఉండాలి. నాజిల్ రంధ్రంలో సూది పెట్టి గీకడం మాత్రం వద్దు. ఏడాదికొకటి కొత్తది వేయడమే. ఆయిల్ ట్యాంకు బయట ఉంటే చలికి ఆయిల్ చిక్కబడి చుక్కలు పెద్దవవుతాయి, అదొక తంటా.

బర్నర్ ఆగేటప్పుడు ఫర్నేస్‌కున్న చిన్న కిటికీలోంచి మంటను చూడు. టక్కున ఆరాలి. పసుపు మంట ఇంకొన్ని సెకన్లు వేలాడితే ఆయిల్ కారుతున్నట్టే. పంపుకీ నాజిల్‌కీ మధ్య గాలి బుడగ ఇరుక్కుంటే నడిచేటప్పుడు నొక్కుకుపోయి, ఆగగానే వ్యాకోచించి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. పంపు కటాఫ్, అంటే ఆగగానే ఆయిల్‌ను ఆపేసే ఏర్పాటు, చెడినా ఇదే తీరు. పంపుకు గేజ్ పెట్టి ఆపితే పీడనం 80 శాతం దగ్గరికి దిగి నిలబడాలి, సున్నాకి పడిపోకూడదు.

ఇక గాలి. ఫ్యాన్ రెక్కలకు దుమ్మూ నూగూ పట్టిందేమో చూడు, బట్టల డ్రయ్యర్ అదే గదిలో ఉంటే మరీనూ. గది తలుపు తీసి ఉంచినప్పుడు మంట బాగుపడిందా, గదిలోకే గాలి చాలడం లేదు.

మెకానిక్ వచ్చినప్పుడు పక్కనే నిలబడు. కంటితో మంట చూసి గాలి తిప్పేస్తే ఒప్పుకోకు. తెల్ల కాగితం పెట్టి చేతిపంపుతో పది సార్లు పొగగొట్టంలోంచి పొగ లాగి, కాగితం మీది మచ్చను 0 నుంచి 9 దాకా ఉండే మచ్చల స్కేలుతో పోల్చాలి. కాగితం మీద లీలగా మచ్చ కనిపించే దాకా గాలి తగ్గించి, అప్పటి కార్బన్ డయాక్సైడ్ శాతం రాసుకుని, అక్కణ్నుంచి అది 1 నుంచి 1.5 పాయింట్లు తగ్గేదాకా గాలి పెంచాలి. ఆ మిగులు ఉంచకుండా అంచు మీదే వదిలేస్తే కొంచెం దుమ్ము పట్టగానే మసి మొదలవుతుంది. నీ రెండు నెలల గొడవకు అదీ ఒక కారణం కావచ్చు. అలాగని గాలి మరీ పెంచినా మంట చల్లబడి మళ్లీ పొగే.

బర్నర్ ఆగిపోతే రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కు, అంతే. మళ్లీ మళ్లీ నొక్కితే లోపల ఆయిల్ మడుగు కట్టి, అంటుకున్నప్పుడు ఢామ్మంటుంది.

మసి పొడిగా ఉందో తడిగా ఉందో, మంట ఎలా ఆరుతోందో చూసి వెంటనే రాయి. నాజిల్ మీద నంబరు కూడా.

నీ
శీను