ఏథెన్స్ నుంచి నాన్నగారికి

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

డబ్బు సోమవారం పంపాను. ఆఫీసు మామూలే. దగ్గు తగ్గింది, అమ్మను టెన్షన్ పడొద్దనండి.

గుడిలో కల్యాణం రోజు దాతలకు కుర్చీలు వేసి, అర్చకులైన మిమ్మల్ని పక్కన నిలబెట్టారని చిన్నాన్న ఫోన్లో చెప్పాడు. మీరైతే చెప్పరు. విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు.

ఆదివారం అక్రోపొలిస్ కొండ కింద, దక్షిణం వైపున్న డయోనిసస్ అనే గ్రీకు దేవుడి పాతకాలపు రంగస్థలానికి వెళ్లాను. ముందు వరసలో పాలరాతి ఆసనాలున్నాయి. నట్టనడుమ ఉన్నది అన్నిటికన్నా ఘనంగా, చుట్టూ బొమ్మలతో ఉంది. అది ఏ సేనాపతిదీ కాదు, డయోనిసస్ పూజారిది. ఆ మాట రాతిమీదే చెక్కి ఉంది నాన్నగారూ! ఎంత డబ్బున్న ఆసామి అయినా అందులో కూర్చోవడానికి లేదన్నమాట. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఆ కాలంలో పూజారి ఏడాదంతా పూజలు సరిగ్గా జరిపిస్తే ఊరి సభ తీర్మానం చేసి కిరీటం పెట్టేది, ఒక్కోసారి బంగారుది. ఆ తీర్మానాన్ని రాతిమీద చెక్కించి గుడి దగ్గర నిలబెట్టేవారు. ఎథీనా దేవికి 64 ఏళ్లు సేవ చేసిన లిసిమాఖే అనే పూజారిణికి విగ్రహమే పెట్టారు. ఆర్గోస్‌లో హీరా దేవి పూజారిణి క్రిసిస్ సంగతి ఇంకా వింత. క్రీ.పూ. 423లో ఆమె దీపం దగ్గర కునుకు తీస్తే దండలు అంటుకుని గుడి మొత్తం కాలిపోయింది. ఆమె భయపడి ఊరొదిలి పారిపోయింది. అయినా ఆమె విగ్రహాన్ని ఊరివాళ్లు తీసెయ్యలేదు. కొన్ని వందల ఏళ్ల తర్వాత వచ్చిన పౌసానియస్ అనే యాత్రికుడు కూడా దాన్ని చూశాడు.

అన్నీ భక్తితో ఇచ్చిన మర్యాదలేం కావు లెండి. ప్రియేనె, మిలేటస్ అనే పాత గ్రీకు నగరాల వైపు పూజారి పదవులను డబ్బుకు అమ్మేవారు. ముందు వరస ఆసనం, కిరీటం కొన్నవాడికే. మన అర్చకుల వంతుల తగాదాలే నయం. ఇక్కడ ఏథెన్స్‌లో ఎథీనా నైకీ, అంటే విజయమిచ్చే ఎథీనా, పూజారిణికి ఏడాదికి 50 ద్రాఖ్మాల (అప్పటి వెండి నాణేలు) జీతం, దాంతోపాటు బలిచ్చిన పశువుల కాళ్లు, తోళ్లు. ఇది అమ్మకు చదివి వినిపించకండి. నేనిక్కడ గుడ్డు కూడా ముట్టడం లేదు, ఒట్టు.

అర్చకత్వం వదిలేసి వచ్చానని మీకున్న బాధ నాకు తెలుసు. దాని గురించి మళ్లీ ఫోన్లో వద్దు, ఇద్దరికీ నిద్ర ఉండదు. వచ్చే ఏడు కల్యాణానికి మాత్రం వస్తాను. కమిటీవాళ్లతో నేనే మాట్లాడతాను, మీరేం అనకండి.

మోకాలు డాక్టరుకు చూపించారా? చెల్లి ఫీజు కట్టాల్సిన తేదీ రాయమనండి.

మీ
చిన్నోడు